పాలు మిగిలాయా? విరిగేదాకా ఆగకండి, ఫ్రీజర్‌లో ఇలా పెట్టండి

రేపు పొద్దున్నే ఊరెళ్లాలి. ఫ్రిజ్ తలుపు తీస్తే లీటరు పాలు అలాగే ఉన్నాయి. తాగేవాళ్లు ఉండరు, తిరిగొచ్చేసరికి అవి విరిగిపోవడం ఖాయం. ఇలాంటప్పుడు చాలామంది ఇంట్లో అందరిచేతా బలవంతంగా తలో గ్లాసు తాగించి, మిగతావి సింకులో పోసేస్తారు. మాంసం, బఠాణీలు, మిగిలిన బ్రెడ్డు లాంటివాటిని క్షణం ఆలోచించకుండా ఫ్రీజర్‌లో తోసేవాళ్లు కూడా పాల దగ్గరికొచ్చేసరికి వెనకాడతారు. గడ్డకట్టి కరిగిన పాలు విరిగినట్టు కనిపిస్తాయని వాళ్ల భయం.

ఆ భయంలో కొంత నిజముంది. కరిగిన పాలు మొదట చూడ్డానికి అంత బాగుండవు. అయినా శుభ్రంగా వాడుకోవచ్చు. తేడా ఎందుకొస్తుందో తెలిస్తే దాన్ని ఎలా సరిచేయాలో కూడా తెలుస్తుంది.

లీటరే కదా అనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద వృథా అయిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్లలో పారేసిందే. ఇలాంటి లీటర్లన్నీ కలిస్తేనే ఆ లెక్క.

ప్రత్యేకంగా కొనాల్సిన సామానేమీ లేదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలు, ఒక ఐస్ ట్రే, మార్కర్ పెన్ను, చివర్లో గిలకొట్టడానికి కవ్వమో విస్కో ఉంటే చాలు.

1. మిగులుతాయని తెలిసిన రోజే పెట్టేయండి

మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే, చాలామంది తప్పేది కూడా ఇక్కడే. పాలు ఇంకో పూటకు విరిగిపోతాయనగా గుర్తొచ్చి ఫ్రీజర్‌లో పెడతారు. కరిగించాక పుల్లటి వాసన వస్తే ఫ్రీజర్‌ను తిట్టుకుంటారు.

ఫ్రీజర్ బాక్టీరియాను చంపదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర అవి పెరగడం ఆగిపోతుందంతే. పాలు కరిగి వెచ్చబడగానే ఎక్కడ ఆగాయో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెడతాయి. ఒక రకంగా అది ఆపి మళ్లీ నడిపించిన గడియారం లాంటిది. ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలిచే పాలను రెండు రోజులు గడిచాక గడ్డకట్టిస్తే, నెల తర్వాత కరిగించినా చేతిలో ఉండేది ఆ మిగిలిన ఒక్క రోజే. అదే తెచ్చిన రోజే పెడితే పూర్తి ఆయుష్షుతో బయటికొస్తాయి.

కాబట్టి ప్యాకెట్ మీద తేదీ చూడండి. ఆ తేదీ దాటిన పాలు ఫ్రీజర్‌కు పనికిరావు. తేదీ ఇంకా ఉన్నా వాసనలో అనుమానం తగిలితే ఓ చిన్న పరీక్ష చేయండి. రెండు గరిటెల పాలు చిన్న గిన్నెలో పోసి మరగనివ్వండి. పలుకులుగా విడిపోతే పులుపు ఎక్కినట్టే, పెట్టకండి. మామూలుగా పొంగితే మిగతావి నిశ్చింతగా పెట్టొచ్చు.

2. ఏ రకం పాలు బాగా నిలుస్తాయి?

కొవ్వు ఎంత తక్కువైతే అంత నయం. వెన్న తీసిన పాలు గడ్డకట్టి కరిగినా పెద్దగా తేడా తెలియదు. టోన్డ్ పాలు కూడా బాగానే ఉంటాయి. చిక్కటి పాలలో కొవ్వు విడిపోవడం ఎక్కువ. హోమోజనైజ్ చేసిన పాలలో కొవ్వు బొట్లను ముందే సన్నగా చితక్కొట్టి ఉంటారు గనుక అవి కొంత తట్టుకుంటాయి. మీగడ పైకి తేలే పాలు ఆ మాత్రం కూడా తట్టుకోవు. తాగడానికే కావాలంటే పలచటివి పెట్టండి. వంటకే అయితే ఏవైనా ఫర్వాలేదు.

పచ్చిపాలైతే ముందు కాచి, చల్లార్చి, ఆ తర్వాతే పెట్టాలి. చలికి క్రిములు చచ్చిపోతాయిలే అనుకుని కాచకుండా పెట్టకండి. ఇంకో సంగతి, పచ్చిపాలలో లైపేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది కొవ్వును విడగొట్టి పాలకు ఓ రకమైన చేదు, ముక్కిపోయిన వాసన తెస్తుంది. చలి దాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప పూర్తిగా ఆపలేదు. కాస్తే దాని పని అయిపోతుంది.

3. కాచిన పాలైతే పూర్తిగా చల్లారనివ్వండి

వేడి పాలు నేరుగా ఫ్రీజర్‌లో పెడితే పక్కనున్న సరుకంతా మెత్తబడుతుంది. అలాగని స్టవ్ మీదే గంటల తరబడి వదిలేసినా బాక్టీరియాకు అదే కావాలి. గిన్నెను చల్లటి నీళ్లున్న వెడల్పాటి పళ్లెంలోనో బేసిన్‌లోనో దించి గరిటెతో కలుపుతూ ఉండండి. ఇరవై నిమిషాల్లో వేడి దిగుతుంది. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చాలని గుర్తుపెట్టుకోండి. అక్కడ బాగా చల్లబడ్డాక డబ్బాల్లో పోయండి.

మీగడ కట్టి ఉంటే తీసి వేరే వాడుకోండి. పాలతోపాటు గడ్డకట్టిన మీగడ కరిగాక తునకలు తునకలుగా తేలుతుంది, ఎంత గిలకొట్టినా ఓ పట్టాన కలవదు.

4. డబ్బా నిండా పోయకండి

నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆవు పాలలో 87 శాతం దాకా నీరే. అంటే లీటరు పాలు గడ్డకట్టాక సుమారు 80 మిల్లీలీటర్ల చోటు అదనంగా అడుగుతాయి. ఆ చోటు మీరివ్వకపోతే మూతను తన్నేసి తీసుకుంటాయి, మూత గట్టిదైతే డబ్బానే చీలుస్తాయి. అందుకే ప్రతి డబ్బాలోనూ పదో వంతు ఖాళీ ఉంచండి. సన్నటి మెడ ఉన్న సీసాలకు ఈ లెక్క సరిపోదు. పాలు మెడ దాకా ఉంటే ఉబ్బడానికి దారిలేక సీసా భుజం దగ్గర పగులుతుంది. మెడ మొదలయ్యే చోటుకు బాగా కిందే ఆపేయాలి.

గాజు సీసాలు అసలు వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఫ్రీజర్‌కని చేసిన గాజు డబ్బాలుంటే వాటి సంగతి వేరు. మామూలు సీసా పగిలితే పాలు పోవడంతో సరిపోదు. గాజు పెంకు ఒక్కటి పాలగడ్డలో ఇరుక్కున్నా కంటికి ఆనదు. పగులు కనిపించిన సీసాలోని పాలను వడగట్టి వాడదామని చూడకండి, మొత్తం పారేయండి.

ప్లాస్టిక్ ప్యాకెట్ పాలను ప్యాకెట్‌తోనే పెట్టొచ్చా అని అడుగుతుంటారు. పెట్టొచ్చు, రెండు జాగ్రత్తలతో. పైన అంటిన మురికి పోయేలా కడిగి, తుడిచి, దాన్ని ఇంకో జిప్ కవర్‌లో వేయండి. నిలబెట్టకుండా ఫ్రీజర్ అరలో పరుండబెట్టండి. అతుకు ఎక్కడైనా విచ్చుకున్నా పాలు కవర్‌లోనే ఉంటాయి, ఫ్రీజరంతా గీకి కడగాల్సిన బాధ తప్పుతుంది.

ఏది వాడినా మూత గాలి చొరబడకుండా పట్టాలి. పాలలోని కొవ్వు పక్కనున్నవాటి వాసనను ఇట్టే పీల్చేసుకుంటుంది. చేపల కవర్ పక్కన మూత సరిగా లేని పాలడబ్బా పెట్టి, ఆ పాలతో కాఫీ పెట్టుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

5. ఒక పూటకు ఎంత కావాలో అంతే ఒక్కో డబ్బాలో

లీటరు మొత్తాన్ని ఒకే గడ్డగా కట్టిస్తే తర్వాత దాన్ని ఏం చేయాలో తెలియదు. సగమే కావాలన్నా మొత్తం కరిగించాల్సిందే. కరిగించినవి మళ్లీ గడ్డకట్టించకూడదు గనుక మిగతా సగం మళ్లీ సింకు పాలే.

సగం కరిగాక కావలసినంత వంపుకుని మిగతాది లోపల పెట్టేద్దామంటే అదీ కుదరదు. పాలగడ్డ అంతా ఒకేలా కరగదు. చక్కెరలు, లవణాలు ఎక్కువున్న చిక్కటి భాగం ముందు కరిగి కిందకు దిగుతుంది, చివరికి మిగిలే గడ్డ దాదాపు నీళ్ల ముక్క. మొదట వంపిన గ్లాసు తియ్యగా ఉండి, తర్వాతి గ్లాసు చప్పగా ఉంటే కారణం ఇదే. ఎప్పుడైనా సరే, డబ్బాలోవి పూర్తిగా కరిగి, కలిపాకే పోసుకోండి.

అందుకని 200 లేదా 250 మిల్లీలీటర్ల చొప్పున చిన్న డబ్బాల్లో పోసుకోండి. రోజూ టీ, కాఫీల్లో కొంచెం కొంచెం వాడేవాళ్లకు ఐస్ ట్రే అన్నిటికన్నా సుఖం. ట్రేలో పోసి, గడ్డకట్టాక ముక్కలను ఊడదీసి జిప్ కవర్‌లో వేసుకోండి. కవర్‌లోని గాలిని చేత్తో నొక్కి బయటికి పంపేయాలి. మీ ట్రేలో ఒక్కో గడికి ఎంత పడుతుందో ముందే ఓసారి కొలుచుకోండి. 15 మిల్లీలీటర్ల టేబుల్ స్పూన్‌తో నీళ్లు పోసి చూస్తే ఒకటా, రెండా అన్నది తెలిసిపోతుంది. ఆ తర్వాత కప్పు కాఫీకి ఎన్ని ముక్కలు వేయాలో ప్రతిసారీ ఆలోచించనక్కర్లేదు.

6. తేదీ రాయండి

పెట్టిన తేదీ, పాల రకం, ఎన్ని మిల్లీలీటర్లు, ఈ మూడూ డబ్బా మీద ఉండాలి. మాస్కింగ్ టేప్ ముక్క అంటించి దాని మీద మార్కర్‌తో రాస్తే తర్వాత తేలిగ్గా ఊడొస్తుంది. డబ్బా చల్లబడకముందే అంటించండి, తడి డబ్బాకు టేపు నిలవదు. కాచినవో కాచనివో కూడా రాస్తే మంచిది.

7. ఎక్కడ, ఎంతకాలం?

ఫ్రీజర్ తలుపు అరలో పెట్టకండి. తలుపు తీసినప్పుడల్లా వెచ్చగాలి తగిలేది దానికే. కొంచెం మెత్తబడి మళ్లీ గట్టిపడటం, ఇలా పదే పదే జరిగితే మంచు స్ఫటికాలు పెద్దవై కరిగాక పలుకులు ఎక్కువవుతాయి. లోపలికి, వెనక్కి నెట్టి పెట్టండి. డబ్బాలన్నీ ఒకేసారి ఒకదాని మీద ఒకటి పేర్చకుండా తొలిరోజు విడివిడిగా ఉంచితే త్వరగా గడ్డకడతాయి. ఎంత త్వరగా గడ్డకడితే పాలు అంత బాగుంటాయి. గట్టిపడ్డాక ఎలా పేర్చుకున్నా ఫర్వాలేదు.

మర్నాడు చూస్తే పాలు లేత పసుపు రంగులోకి మారి, నడిమధ్య ఇంకాస్త ముదురుగా కనిపిస్తాయి. పాడయ్యాయేమోనని టెన్షన్ పడకండి. అంచుల్లో నీరు ముందు గడ్డకడుతూ మిగతా పదార్థాలను మధ్యలోకి నెడుతుంది. వాటిలో ఉండే రైబోఫ్లేవిన్ అనే బి2 విటమిన్, కొవ్వు కలిసి ఆ రంగు తెస్తాయి. కరిగి కలిశాక మళ్లీ తెల్లబడతాయి.

తాగడానికైతే నెలలోపు వాడేయండి. వంటకైతే మూడు నెలల దాకా ఉంచొచ్చు. ఎడతెగకుండా మైనస్ 18లో ఉన్నవి ఆ తర్వాత కూడా ప్రమాదకరం కావు గానీ, రుచి తగ్గి, పలుకులు పెరుగుతాయి.

8. కరిగించేది ఫ్రిజ్‌లోనే

రాత్రి పడుకునే ముందు డబ్బాను ఫ్రీజర్ నుంచి కింది అరలోకి దించండి. పావు లీటరు డబ్బా పొద్దుటికి కరిగిపోతుంది. లీటరు గడ్డకు ఒక రోజు పైనే పడుతుంది. కింద ఒక పళ్లెం పెట్టండి, డబ్బాకు పట్టిన చెమటంతా కారుతుంది.

తొందరగా కావాలంటే మూత బిగించిన డబ్బాను చల్లటి నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. ఇలా కరిగినవి వెంటనే వాడేసుకోవాలి. వేడినీళ్లలో ముంచకండి. వంటగట్టు మీద గంటల తరబడి వదిలేయడమూ వద్దు. లోపల గడ్డ ఇంకా గట్టిగానే ఉండగా పైన కరిగిన పాలు గది వేడికి వచ్చేస్తాయి, పులుపు మొదలయ్యేది అక్కడే. మైక్రోవేవ్ ఒక మూల మరిగిస్తూ ఇంకో మూల మంచుగానే వదిలేస్తుంది, అందుకే నాకు నచ్చదు.

ఎలాగూ కాచేవే అయితే గడ్డను నేరుగా గిన్నెలో వేయొచ్చు. అడుగున రెండు గరిటెల నీళ్లు పోసి, మంట బాగా తగ్గించి, కలుపుతూ ఉండండి. లేదంటే మొదట కరిగిన కొద్ది పాలు అడుగంటి మాడువాసన మొత్తానికీ పడుతుంది.

9. విరిగినట్టు కనిపిస్తే

మూత తీయగానే పైన తెల్లటి చిన్న చిన్న పలుకులు తేలుతూ, కింద పాలు కాస్త నీళ్లగా కనిపించొచ్చు. చెంచాతో తీస్తే పలుకులు చెంచాకు అంటుకుని వేళ్ల మధ్య జిడ్డుగా నలుగుతాయి. అది వెన్న. పాలలో ప్రతి కొవ్వు బొట్టు చుట్టూ సన్నటి పొర ఉంటుంది. మంచు స్ఫటికాలు ఆ పొరను చీల్చడంతో బొట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. చాలాకాలం ఫ్రీజర్‌లో ఉన్న పాలలో అయితే ప్రొటీను కూడా కొంత ఉండకట్టి నలుసులుగా దిగుతుంది. ఇది పులిసిపోవడం కాదు.

డబ్బాను మూతతో సహా గట్టిగా ఓ నిమిషం ఊపండి. చాలకపోతే కవ్వంతో గిలకొట్టండి. తాగడానికే కావాలంటే మిక్సీలో కొద్ది సెకన్లు తిప్పితే సరి. ఎక్కువసేపు తిప్పితే వెన్న ఇంకా చేరుతుంది, అక్కడితో ఆపేయండి. గోరువెచ్చగా చేసి కలిపినా పలుకులు చాలావరకు కరిగిపోతాయి.

నిజంగా విరిగినవాటిని పోల్చుకోవడం కష్టమేమీ కాదు. పుల్లటి వాసన ముందే చెప్పేస్తుంది. పలుకులు మెత్తగా పెరుగు తునకల్లా ఉండి, చుట్టూ పసుపుపచ్చటి తేట నీరు విడిపోయి ఉంటుంది. కాస్తే కలవకపోగా ఇంకా ముద్దకడతాయి. అవి పారబోయాల్సిందే.

10. దేనికి వాడాలి?

టీ, కాఫీ, సూపులు, సాసులు, కేకు పిండి, ఓట్స్, స్మూతీలు, వీటిలో తేడా కనిపెట్టడం కష్టం. పెరుగుకు కూడా పనికొస్తాయి. బాగా కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడుపెట్టండి. పెరుగు కాస్త పలచగా రావొచ్చు, అంతే. నురగ రావాల్సిన కాఫీకి మాత్రం ఇవి వద్దు, విడిపోయిన కొవ్వు నురగను నిలవనివ్వదు. చల్లటి పాలు గ్లాసులో పోసుకుని తాగే అలవాటుంటే మొదటిసారి నచ్చకపోవచ్చు కూడా. అలాంటివాళ్లు తాజావి తాగి, ఫ్రీజర్‌వి వంటకు ఉంచుకోవడం మేలు.

కరిగిన పాలను ఫ్రిజ్‌లోనే ఉంచి ఒక రోజులోపు వాడేయండి. మళ్లీ గడ్డకట్టించొద్దు. ఒకవేళ అన్నీ వాడలేకపోతే వాటితో సాసో సూపో చేసేసి, ఆ వండినదాన్ని ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.

కరెంటు పోతే

ఫ్రీజర్ నిండుగా ఉండి, తలుపు తెరవకుండా ఉంటే సుమారు 48 గంటలు చలి నిలుస్తుంది. సగమే నిండి ఉంటే 24 గంటలు. కరెంటు వచ్చాక డబ్బా తీసి చూడండి. లోపల ఇంకా మంచు గరగరలాడుతుంటే అలాగే ఉంచేయొచ్చు, రుచి కొంత తగ్గుతుందంతే. పూర్తిగా నీళ్లలా కరిగి, చల్లదనం కూడా పోతే పారేయండి.

వీటికి ఈ పద్ధతి వర్తించదు

పసిపిల్లల కోసం కలిపిన ఫార్ములా పాలను ఫ్రీజర్‌లో పెట్టకూడదు. తల్లిపాలను దాచడానికి నియమాలు వేరుగా ఉన్నాయి, అవి డాక్టరునో నర్సునో అడిగి తెలుసుకోండి. సోయా, బాదం పాలు గడ్డకట్టి కరిగాక ఇసుక ఇసుకగా విడిపోతాయి, తాగడానికి బాగుండవు. కొబ్బరిపాలు విడిపోయినా కూరలో వేసి కలిపితే సర్దుకుంటాయి. ఇక బయటే నెలల తరబడి నిలిచే యూహెచ్‌టీ పాల డబ్బాలను సీలు తీయకుండా ఫ్రీజర్‌లో పెడితే ఉబ్బి అతుకులు విచ్చుకుంటాయి, పైగా వాటికి ఆ అవసరమే లేదు. సీలు తీశాక మిగిలితే మాత్రం అదే రోజు వేరే డబ్బాలోకి వంపి, తేదీ రాసి లోపల పెట్టండి.